సెమీ ఆటోమేటిక్ .22 రైఫిల్‌కు వేరే ట్రిగ్గర్: ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నేను విశాఖలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తున్నాను. మా అన్నయ్య ఉద్యోగరీత్యా టెక్సస్‌లో స్థిరపడ్డాడు. అక్కడి చట్టం ప్రకారం కొనుక్కున్న రూగర్ 10/22 కార్బైన్‌తో సెలవు రోజుల్లో దగ్గరలోని రేంజికి వెళ్లి కాగితపు టార్గెట్ల మీద, ఇనుప పలకల మీద కాలుస్తుంటాడు. తుపాకీ నమ్మకంగా పనిచేస్తుంది గాని ట్రిగ్గర్ మాత్రం మరీ మొరటుగా ఉందని, నొక్కుతుంటే ఇసుక మీద జారుతున్నట్టు ఉండి ఎప్పుడు తెగుతుందో, అంటే ఏ క్షణాన గుండును వదులుతుందో తెలియడం లేదని ఎప్పటి నుంచో అంటున్నాడు. ట్రిగ్గర్ నొక్కడానికి కావలసిన బలాన్ని గేజీతో కొలిస్తే 6 పౌండ్లకు కాస్త పైనే చూపించిందట, అంటే మన లెక్కలో సుమారు 2.7 కిలోలు. నా ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్‌ను 100 గ్రాముల దగ్గర పెట్టుకుని కాల్చే నాకు ఆ అంకె వినగానే నమ్మబుద్ధి కాలేదు.

ఇద్దరం ఫోనులో మాట్లాడుకున్న తరువాత మూడు దారులు కనిపించాయి. రూగర్ సంస్థే విడిగా అమ్మే బీఎక్స్ ట్రిగ్గర్ యూనిట్ తీసుకోవడం ఒకటి. టిమ్నీ, వోల్‌క్వార్ట్‌సెన్, కిడ్ వంటి సంస్థల యూనిట్లలో ఒకటి తీసుకోవడం మరొకటి. పాత యూనిట్‌ను అలాగే ఉంచి లోపలి హ్యామర్ (ఫైరింగ్ పిన్‌ను కొట్టి గుండును పేల్చే ముక్క) ఒక్కటే మార్చడం మూడవది. వీటిలో ఏది మేలో, సింగిల్ స్టేజ్ (ఒకే దశలో తెగేది) మంచిదో టూ స్టేజ్ (రెండు దశల్లో తెగేది) మంచిదో, బరువును ఎంతవరకు తగ్గించవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను. నా అలవాటు ప్రకారం అరకిలోకు తగ్గిస్తే హాయిగా ఉంటుందని నాకు తోచింది గాని, సెమీ ఆటోమేటిక్ ఆయుధం నేనెన్నడూ చేతపట్టలేదు కనుక ఆ మాట అన్నయ్యతో ఇంకా అనలేదు.

మరొక సంగతి. వేట వంటివి ఏమీ లేవు. అన్నయ్యతో పాటు పదమూడేళ్ల మా మేనల్లుడు కూడా వాళ్ల నాన్న పక్కన ఉండగా అదే రైఫిల్‌తో కాలుస్తాడు.

జవాబు (సీతమ్మధార)

అమ్మా, మేనల్లుడి సంగతి మీరు చివర్లో చెప్పారు గాని సలహా అక్కడి నుంచే మొదలు కావాలి. ఒకే రైఫిల్‌ను అనుభవం ఉన్న పెద్దవారూ నేర్చుకుంటున్న పిల్లవాడూ పంచుకుంటున్నప్పుడు, ట్రిగ్గర్ బరువును పిల్లవాడికి తగినట్టు నిర్ణయించాలే తప్ప పెద్దవారి సరదాకు తగినట్టు కాదు. కాబట్టి అరకిలో ఆలోచనను ఇక్కడితో వదిలేయండి. దానికి పిల్లవాడు ఒక్కడే కారణం కాదు, ఆ తుపాకీ పనితీరులోనే మరో కారణం ఉంది. కొంచెం వివరంగా చెబుతాను.

మీ మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్ మీరే పెడతారు, ఒక్కసారే కాలుస్తారు, మళ్లీ మీరే తెరుస్తారు. ట్రిగ్గర్ తెగే క్షణానికి ముందు లోపల బరువైన భాగం ఏదీ పరుగెత్తదు. అందుకే సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా హ్యామర్‌ను పట్టి ఉంచే ముక్క) అంచు వెంట్రుకవాసి ఆనుకున్నా అక్కడ సరిపోతుంది, 100 గ్రాములకు తెగేలా పెట్టుకోగలుగుతున్నారు. 10/22లో అలా కాదు. గుండు పేలగానే బోల్టు (గుండు కూర్చునే అరను, అంటే ఛాంబర్‌ను మూసే భాగం) వెనక్కి దూసుకువెళ్లి హ్యామర్‌ను కిందికి నొక్కుతుంది, ఖాళీ తొడుగును బయటకు విసురుతుంది, మళ్లీ ముందుకు వస్తూ మ్యాగజీన్ నుంచి తరువాతి గుండును లాక్కుని ఛాంబర్‌లోకి దభాలున మూసుకుంటుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు మీ వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంటుంది. ఆ స్థితిలోనూ సియర్ హ్యామర్‌ను పట్టి ఉంచగలిగేలా చేసేది డిస్కనెక్టర్ అనే చిన్న ముక్క. ట్రిగ్గర్‌కూ సియర్‌కూ మధ్య ఉన్న సంబంధాన్ని అది తెంచుతుంది, వేలు వదిలిన తరువాతే తిరిగి కలుపుతుంది. ప్రతి గుండుకూ ఇంత కుదుపును తట్టుకోవాలంటే సియర్, హ్యామర్ గాడిలో తగినంత లోతుకు ఆనుకుని ఉండాలి, స్ప్రింగులకు తగినంత బలం ఉండాలి. బరువు తగ్గించే మోజులో ఆ ఆనుకోవడాన్ని పలచన చేస్తే, ఏదో ఒకనాడు బోల్టు మూసుకునే అదురుకే హ్యామర్ జారి రెండవ గుండు తనంతట తాను పేలవచ్చు.

హ్యామర్ స్ప్రింగును బలహీనపరచినా చిక్కే. .22 రిమ్‌ఫైర్ గుండులో మందు అంటుకునే పదార్థం తొడుగు అడుగు అంచులో ఉంటుంది, ఫైరింగ్ పిన్ ఆ అంచును గట్టిగా నొక్కితేనే అంటుకుంటుంది. దెబ్బ చాలకపోతే అంచు మీద లోతులేని గాటు పడుతుందే తప్ప గుండు పేలదు. ట్రిగ్గర్ మెత్తనైంది కదా అని మురిసిపోయినవారు తరువాత పేలని గుండ్లను ఏరుకోవలసి వస్తుంది.

ఇక బరువు సంగతి. 10/22 కార్బైన్ మొత్తం తూకమే సుమారు 5 పౌండ్లు, అంటే 2.3 కిలోలు. దాని ట్రిగ్గర్‌కు 6 పౌండ్లు కావాలంటే తుపాకీ తూకం కన్నా ఎక్కువ బలంతో దాన్ని లాగాలన్నమాట. మీ క్రీడలో 5.5 కిలోల వరకు రైఫిల్‌ను అనుమతిస్తారు, ట్రిగ్గరేమో 100 గ్రాములు. ఈ నిష్పత్తి తారుమారు కావడం వల్లే మీ అన్నగారి గురి చివరి క్షణంలో కదులుతున్నది, ఆయన చేతిలో లోపం ఉందని నేను అనుకోను. 2.5 నుంచి 3 పౌండ్ల మధ్య, అంటే 1.1 నుంచి 1.4 కిలోల మధ్య స్పష్టంగా తెగే ట్రిగ్గర్ అయితే పిల్లవాడికి భద్రంగానూ పెద్దవారికి సుఖంగానూ ఉంటుంది.

బరువు ఒక్కదానినే చూడవద్దని కూడా చెప్పండి. క్రీప్, అంటే తెగేలోపు ట్రిగ్గర్ జరిగే దూరం ఎంత ఉంది, తెగిన తరువాత ట్రిగ్గర్ ఇంకా ఎంత దూరం వెనక్కి వెళుతుంది, వదిలితే ఎంత దూరంలో రీసెట్ అవుతుంది (మళ్లీ నొక్కడానికి సిద్ధమవుతుంది) అన్నవి వేలికి బరువు కన్నా ఎక్కువగా తెలుస్తాయి. గరుకుగా ఉన్న 3 పౌండ్ల ట్రిగ్గర్ కన్నా నున్నగా ఉన్న 4 పౌండ్ల ట్రిగ్గర్ మంచి గుంపునిస్తుంది, అంటే టార్గెట్ మీద తూట్లు దగ్గరదగ్గరగా పడతాయి.

జవాబు (గాజువాక వాసి, ప్రస్తుతం డల్లస్)

పై పెద్దాయన చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తూ, ఇక్కడి బజారు సంగతులు కొన్ని చేరుస్తాను. 10/22ను రూగర్ సంస్థ 1964లో విడుదల చేసింది. దాని ట్రిగ్గర్, హ్యామర్, సియర్, సేఫ్టీ, మ్యాగజీన్‌ను విడిపించే మీట అన్నీ ఒకే పెట్టెలో అమర్చి ఉంటాయి, ఆ పెట్టె రెండు అడ్డు పిన్నులతో రిసీవర్‌కు (తుపాకీ ప్రధాన దేహానికి) తగులుకుని ఉంటుంది. ఈ సౌలభ్యం వల్లే ఇన్ని సంస్థలు పెట్టె మొత్తాన్ని తయారుచేసి అమ్ముతున్నాయి. కొనేవారికి సానపట్టే పని, రాకే పని ఉండదు.

రూగర్ బీఎక్స్ ట్రిగ్గర్ 2.5 నుంచి 3 పౌండ్ల మధ్య తెగుతుంది, మ్యాగజీన్ మీట కూడా పొడవుగా ఉంటుంది. ఈ నాలుగింటిలోనూ తక్కువ ధరకు దొరికేది ఇదే. టిమ్నీ యూనిట్ 2.75 పౌండ్ల దగ్గర, వోల్‌క్వార్ట్‌సెన్ వారి టీజీ2000 యూనిట్ 2.25 పౌండ్ల దగ్గర తెగుతాయి. ఇవి రెండూ లోహపు పెట్టెలో వస్తాయి, తెగే తీరు మరింత శుభ్రంగా ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కిడ్ వారి టూ స్టేజ్ యూనిట్ బెంచి మీద గుంపుల పోటీకి కూర్చునేవారు ఇష్టపడేది. మీ ఎయిర్ రైఫిల్ అలవాటుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది కూడా అదే, ఎందుకంటే మొదటి దశ లాగి అడ్డు తగిలిన చోట ఆపి, ఊపిరి నిలిపి, రెండవ దశను తెంచే పద్ధతి మీకు చేతికి వచ్చినదే. అయితే కాల్చేది మీరు కాదు, మీ అన్నగారు. నిలబడి ఇనుప పలకల మీద ఒకదాని తరువాత ఒకటి కాల్చేవారికి టూ స్టేజ్ వల్ల పెద్ద లాభం ఉండదు. మీరు చెప్పిన వాడకానికి నేనైతే బీఎక్స్ తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి గుండ్లు కొంటాను.

హ్యామర్ ఒక్కటే మార్చడం కూడా చెడ్డ దారి కాదు. వోల్‌క్వార్ట్‌సెన్ టార్గెట్ హ్యామర్‌లో సియర్ ఆనే గాడి కోణం వేరుగా ఉంటుంది కనుక బరువు 2.5 పౌండ్ల దాకా దిగుతుంది. కాకపోతే పెట్టె మొత్తం విప్పాలి. చిన్న స్ప్రింగులు, ముక్కలు ఏది ఎటు తిరిగి ఉందో గుర్తుంచుకుని తిరిగి బిగించాలి. అలవాటు లేనివారు ఇక్కడ లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కు ఇవ్వడం ఉత్తమం. పాత హ్యామర్‌నే ఆకురాయి మీద రాసి బరువు తగ్గించే వీడియోలు కనిపిస్తాయి, వాటి జోలికి మాత్రం పోవద్దని చెప్పండి. గట్టిపరచిన పై పొర అరిగిపోతే లోపలి మెత్తని లోహం త్వరగా తినేస్తుంది, ఇవాళ సరిగ్గా ఉన్నది కొంతకాలానికి జారడం మొదలుపెడుతుంది.

బిగించేటప్పుడు తెలియక తికమకపడే చోట్లు రెండు ఉన్నాయి. తుపాకీ ఖాళీగా ఉందని మ్యాగజీన్ తీసి, ఛాంబర్‌లోకి కంటితో చూసి నిర్ధారించుకున్న తరువాత, తుపాకీ కర్రను (స్టాక్‌ను) వేరుచేసేటప్పుడు సేఫ్టీ బటన్‌ను అటూ ఇటూ కాకుండా సగంలో నిలపాలి. లేకపోతే అది కర్రకు తగులుకుని బయటకు రానివ్వదు. ఇక పెట్టె రిసీవర్ నుంచి బయట ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కి హ్యామర్‌ను విసురుగా పడనివ్వకూడదు. ఆపడానికి బోల్టు ఉండదు కనుక అది వెళ్లి పెట్టె గోడకే కొట్టుకుంటుంది.

బిగించిన తరువాత ఖాళీ తుపాకీతో ఈ పరీక్షలు చేయకుండా రేంజికి వెళ్లకూడదు. బోల్టు లాగి వదిలి, సేఫ్టీ పెట్టి, ట్రిగ్గర్‌ను గట్టిగా నొక్కాలి, హ్యామర్ పడకూడదు. వేలు తీసి సేఫ్టీ విప్పినప్పుడు కూడా పడకూడదు. తరువాత ట్రిగ్గర్ నొక్కి, హ్యామర్ పడ్డాక వేలు వదలకుండా అలాగే పట్టుకుని, రెండవ చేత్తో బోల్టును పూర్తిగా లాగి విసురుగా వదలాలి. హ్యామర్ వెనకే నిలవాలి. అప్పుడు వేలును మెల్లగా వదులుతూ పోతే టక్కుమని రీసెట్ వినిపించాలి, మళ్లీ నొక్కితే హ్యామర్ పడాలి. ఈ పరీక్షను పలుమార్లు చేయాలి. చివరగా, హ్యామర్ ఎక్కించి ఉంచి, రబ్బరు సుత్తితో కర్ర మడమ మీద, పక్కల మీద తట్టి చూడాలి, హ్యామర్ పడకూడదు. రేంజిలో మొదట మ్యాగజీన్‌లో ఒక్క గుండు, తరువాత రెండు పెట్టి కాల్చాలి, నిండా పది పెట్టవద్దు.

ఒక్కసారి నొక్కితే రెండు పేలితే అక్కడితో ఆపి తుపాకీ ఖాళీ చేయమనండి. అది ప్రమాదం కావడమే కాక, ట్రిగ్గర్‌ను ఒక్కసారి నొక్కినందుకు ఒకటికి మించి గుండ్లు వాటంతటవే పేలే ఆయుధాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం మెషిన్ గన్‌గా లెక్కిస్తుంది. ట్రిగ్గర్‌ను బలవంతంగా ముందుకు తోసి వేగం పెంచుతామని అమ్మే సరుకు కూడా బజారులో ఉంది. రాష్ట్రానికో తీరుగా నిషేధాలూ వ్యాజ్యాలూ ఉన్న ఆ వ్యవహారానికీ గురికీ ఏ సంబంధమూ లేదు.

జవాబు (మద్దిలపాలెం)

అందరూ కొనడం గురించే మాట్లాడుతున్నారు కనుక ఒక చిన్న అభ్యంతరం. ఇసుక మీద జారినట్టు ఉందన్నారు కదా, అది నిజంగానే మురికి కావచ్చు. .22 గుండ్ల మీద మైనమో నూనెలాంటి పూతో ఉంటుంది. అది, కాలిన మందు మసి, సీసపు పొడి కలిసి బోల్టు వెనక్కి వచ్చిన ప్రతిసారీ ట్రిగ్గర్ పెట్టెలోకి రాలుతుంటాయి. దాని మీద ఎవరైనా నూనె ధారాళంగా పోసి ఉంటే అదంతా జిగట ముద్దగా తయారవుతుంది. ముందు పెట్టెను బయటకు తీసి, తగిన ద్రావణంతో కడిగి, ఆరబెట్టి, సియర్ ఆనే చోట ఒక్క చుక్క నూనె మాత్రం వేసి, అప్పుడు మళ్లీ కొలవమనండి.

కొలిచే పద్ధతి కూడా సరిగ్గా ఉండాలి. ఖాళీ తుపాకీని గొట్టం పైకి ఉండేలా నిలబెట్టి, గేజీ కొక్కేన్ని వేలు ఆనే చోటనే తగిలించి, గొట్టానికి సమాంతరంగా నింపాదిగా లాగాలి. కొక్కెం ట్రిగ్గర్ కొనకు జారితే మీట పొడవు పెరిగి బరువు తక్కువగా చూపిస్తుంది, పైకి జారితే ఎక్కువగా చూపిస్తుంది. నాలుగైదు సార్లు కొలిచి సగటు తీసుకోవాలి. ఒక్కసారి కొలిచి చెప్పే అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

అంతా చేసినా బరువు తగ్గకపోతే అప్పుడు కొనవచ్చు. ఈలోగా ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ సాధన చేయమనండి. 10/22ను ఖాళీగా నొక్కవచ్చని రూగర్ సంస్థే చెబుతుంది. .22 రైఫిళ్లన్నిటికీ ఆ మాట వర్తించదు సుమా.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మద్దిలపాలెం వారు చెప్పినట్టే అన్నయ్య పెట్టె తీసి కడిగాడు. అడుగున నల్లటి ముద్ద గోరుతో గీకితే వచ్చేంత మందంగా ఉందట. గరుకుతనం చాలావరకు పోయింది గాని, బరువు మాత్రం 6 పౌండ్ల దగ్గరే ఉంది. కనుక బీఎక్స్ తీసుకోవాలని నిర్ణయించుకున్నాడు. నా అరకిలో మాట చెబితే నవ్వాడు, అది వేరే సంగతి.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. రేపు పోటీలకు వెళితే బరువు విషయంలో నియమాలు అడ్డు వస్తాయా? ఇంకొకటి, పాత ట్రిగ్గర్ పెట్టె ఇక వాడడు కనుక సంక్రాంతికి వచ్చేటప్పుడు తెచ్చి ఇస్తానన్నాడు. లోపలి భాగాలు విప్పి చూసి నేర్చుకోవాలని నాకూ ఉంది. తేవచ్చునా?

జవాబు (గాజువాక వాసి, డల్లస్)

నియమం ఆ పోటీని బట్టే ఉంటుంది. ఉదాహరణకు ఇక్కడ సీఎంపీ (సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్) వారి సర్వీస్ రైఫిల్ పోటీలో ఏఆర్-15 తరహా రైఫిల్ ట్రిగ్గర్ 4.5 పౌండ్లకు తగ్గకూడదు, బరువు వేలాడదీసి మరీ చూస్తారు. మీ ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) నియమాల్లో ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు ఉండాలని చెప్పి, ఎయిర్ రైఫిల్‌కు కనీస బరువు పెట్టకపోవడం లాంటిదే ఇది. .22తో ఇనుప పలకల పోటీకి వెళ్లాలనుకుంటే ఆ సంవత్సరపు నియమావళి చూసుకుంటే చాలు, బీఎక్స్ బరువుకు ఇబ్బంది ఉంటుందని నేను అనుకోను.

జవాబు (సీతమ్మధార)

రెండవ ప్రశ్నకు నేను చెబుతాను. తేవద్దని ఇవాళే ఫోను చేసి చెప్పండి. మన 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఆయుధాల భాగాలు కూడా చేరి ఉన్నాయి, లైసెన్సు లేకుండా వాటిని దేశంలోకి దిగుమతి చేయడం నేరం. విమానాశ్రయంలో ఎక్స్‌రే తెర మీద హ్యామర్, ట్రిగ్గర్ ఆకారం కనిపించాక, చెల్లెలికి నేర్పడానికి తెచ్చానంటే వినేవారు ఉండరు. అమెరికా వైపు నుంచి కూడా తుపాకీ భాగాల ఎగుమతికి ఆంక్షలు ఉన్నాయి.

ఇది చదివే మన ఊరి మిత్రులకు కూడా ఒక మాట. ఇక్కడ లైసెన్సు ఉన్న తుపాకీ అయినా దాన్ని బాగుచేయడానికి, మార్చడానికి విడిగా లైసెన్సు ఉన్నవారే చేయాలని అదే చట్టంలోని 5వ సెక్షన్ చెబుతుంది. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లేమో సామాన్య లైసెన్సుదారులకు అందని వర్గంలో ఉన్నాయి. పై జవాబుల్లోని బిగింపు వివరాలు టెక్సస్‌లో ఉన్న ఆ రైఫిల్‌కే పరిమితం.

నేర్చుకోవాలన్న మీ కోరికకు వేరే దారి ఉంది. పాత పెట్టెను విప్పేటప్పుడు వీడియో కాల్ పెట్టమనండి. హ్యామర్ గాడిలో సియర్ ఎంత మేర ఆనుకుని ఉందో, ట్రిగ్గర్ నొక్కి ఉంచి హ్యామర్‌ను వేలితో వెనక్కి నొక్కితే డిస్కనెక్టర్ ఎలా పక్కకు జరుగుతుందో దగ్గరగా చూపించమనండి. హ్యామర్‌ను మాత్రం బొటనవేలితో ఆపుతూ మెల్లగా దించమనండి. చూడటం అయ్యాక ఆ పెట్టెను తిరిగి బిగించి, నూనె పట్టించి, ఆయన దగ్గరే దాచుకోమనండి. కొత్తదానికి ఎప్పుడైనా మరమ్మతు వస్తే అదే అక్కరకు వస్తుంది.